వడ్లు ఎత్తిన జాగ

సంచిలో ముందు దుప్పటి పెట్టింది రజని. దాని మీద టార్చిలైటు, దోమల బత్తీల డబ్బా, రెండు ఉల్లిగడ్డలు, గుడ్డలో చుట్టిన జొన్నరొట్టెలు. నేను పక్కన కూర్చుని ఒక్కొక్కటీ చూస్తున్నాను. మా ఇంట్లోంచి ఎవరు బయలుదేరినా, ఊరవతల రోడ్డు దాకా పోయినా సరే, సంచి మూతి బిగించేటప్పుడు నా గుండె జారుతుంది. నా భర్త బోరు బండి మీద కర్ణాటకకు పోయిన రోజు ఆయన సంచి సర్దింది నేనే. ఆయన రాలేదు, సంచి వచ్చింది.

"ఇంకేం మర్చిపోయినమే?" గడప మీద చెప్పులు వేసుకుంటూ అడిగాడు నా కొడుకు మల్లేశ్.

"నిన్నే మర్చిపోయినం. నిన్ను గూడ మడతపెట్టి అండ్లనే పెడితే అత్తమ్మకు నిమ్మలముంటది," అంది రజని.

యాసంగి పంట కోతలు నడుస్తున్నాయి. మాది మెదక్‌లోనే, చర్చి వెనక సందులో రెండు గదుల ఇల్లు. మల్లేశ్ టేక్మాల్ పోయే దారిలో పొలం కౌలుకు చేసేవాడు. మిషన్‌తో కోసిన వడ్లు పచ్చిగా ఉంటాయి. తేమ దిగకపోతే కొనుగోలు కేంద్రంలో బస్తా ముట్టరు. కల్లాలు ఇప్పుడు ఎవరికున్నాయి? అందరూ తారు రోడ్డు మీదే ఒక పక్కన పోసి ఎండబెడతారు. బండ్లు వడ్లు తొక్కకుండా అంచు వెంట రాళ్లు పేరుస్తారు. రాత్రికి టార్పాలిన్ కప్పి, అది ఎగిరిపోకుండా దాని మీదా రాళ్లే. వడ్లు అమ్ముడుపోయేదాకా కుప్ప దగ్గర ఇంటి మనిషి ఒకరు పడుకోవాలి. మల్లేశ్ సంచి అందుకే.

నేను లేచి నా పాత ఎర్రచీర చింపి రెండు ముక్కలు సంచిలో కుక్కాను.

"గివెందుకే అమ్మా?"

"కట్టెలకు కట్టి కుప్పకు రెండు దిక్కుల నిలబెట్టు. పొద్దుగూకినంక బండ్లోళ్లకు కనపడాలె."

"రైలు ఆపుతున్నమా ఏంది మనం?"

"మీ అమ్మ మాట ఇను. లేకుంటే ఆమెనే పోయి కట్టెకు బదులు నిలబడుతది," అంది రజని.

ఇద్దరూ నవ్వారు. వాళ్లకు పెళ్లై నాలుగేళ్లు. వాళ్లు నవ్వుతుంటే నాకు అదొక రకం భయం వేసేది. నవ్వుతున్న మనుషులు జాగ్రత్తగా ఉండరు కదా అని.

వారం దాటాక ఒక పొద్దున తేమ దిగింది. కేంద్రం నుంచి లారీ వచ్చింది, దాని వెనకే మబ్బూ వచ్చింది. నేను రేషన్ బియ్యం తీసుకుని ఇంటికి వచ్చేసరికి మల్లేశ్ అన్నం తిని మళ్లీ రోడ్డుకు పోయాడు. రజని నల్లా దగ్గర బోళ్లు తోముతోంది.

"అత్తమ్మా, ముందే తెలిస్తే గుడ్లు తెమ్మందును. తమ్ముడు వస్తుండు రాత్రి తిండికి."

తమ్ముడంటే పరశురాం. వాళ్లది రేగోడ్. తల్లి పోయినప్పుడు వాడు ఇంకా చంక దిగని పిల్లవాడు. రజనే సాకింది. ఆ యేడు మా పొలం పక్కనే వాడు కూడా కౌలు పట్టాడు.

"ఏం పని మీద వస్తుండు?"

"ఈయన వడ్లెత్తుతుండు గద. ఆ జాగల వాడు పోసుకుంటడంట. 'బావా, రాళ్లు ముట్టకు, పొద్దుగూకకముందే నా ట్రాక్టర్ వస్తది' అన్నడు ఫోన్‌ల. ఈయన చెయ్యి అన్నంల ఉందని స్పీకర్ పెట్టిండు. ఇద్దరి లొల్లికి అంగడి లెక్కయింది ఇల్లు."

ఆ రోడ్డు మీద పద్ధతే అది. జాగా దొరకడం కష్టం కనుక ఒకరు వడ్లెత్తగానే ఇంకొకరు అక్కడే పోసుకుంటారు. రాళ్లు ఎవరూ కదిలించరు. జాగాతో పాటు అవీ చేతులు మారతాయి. మోసి పారేసి మళ్లీ మోసుకొచ్చే ఓపిక ఎవరికుంది?

మల్లేశ్ సాయంత్రం ఇంటికొచ్చి స్నానం చేశాడు. ఎర్రగుడ్డలు రెండూ దులిపి, మడిచి నాకిచ్చాడు. "నీ రైలు గుడ్డలు భద్రమే," అన్నాడు. నాకు చాలా రోజుల తర్వాత ఊపిరి ఆడినట్టయింది. పరశురాం ఇంకా రాలేదు. తర్వాత నేను తెచ్చిన గుడ్లతో వండిన కూర చల్లారిపోతోంది. తర్వాత తెలిసింది, వాడి పొలంలో కోత మిషన్ బెల్టు తెగి ఆగిపోయిందని, ఆ రోజు ఒక్క గింజ కూడా బయటికి రాలేదని. ఆ సంగతి వాడు ఫోన్ చేసి చెప్పలేదు.

దీపం పెట్టే వేళకు హమాలీ ఒకతను మల్లేశ్‌కు ఫోన్ చేశాడు.

"అన్నా, నీ జాగల ఎవరో బండి మీదినుంచి పడ్డరు. జల్ది రా."

మల్లేశ్ ఉన్నవాడు ఉన్నట్టే ఉరికాడు. తిరిగొచ్చినప్పుడు వాడి అంగీ ముందువైపంతా నెత్తురు. అది వాడి నెత్తురు కాదని తెలిసేదాకా నేను వాడి ఒళ్లంతా తడిమాను.

"రాళ్లమ్మా," అన్నాడు వాడు.

పడింది గాబ్రియేలు, చర్చి గేటు దగ్గర బట్టలు కుట్టే ఆయన. మా ఇంటిల్లిపాది బట్టలూ ఆయనే కుట్టేవాడు. టేక్మాల్‌లో పెళ్లివాళ్లకు బట్టలిచ్చి భార్య ఎలిశిబాను వెనక కూర్చోబెట్టుకుని వస్తున్నాడు. వడ్లు పోసి ఉంటే మసక వెలుగులోనైనా దూరం నుంచే పసుప్పచ్చగా కనపడతాయి. వడ్లు లేవు. గుడ్డలు లేవు. నల్లరోడ్డు మీద నల్లరాళ్లు వరసగా ఉన్నాయి. ఎలిశిబాకు మోచెయ్యి గీరుకుపోయింది. గాబ్రియేలు కుడికాలు బండికీ రాళ్లకూ నడుమ నలిగింది. మల్లేశే ఎత్తి ఆటోలో వేసి దవాఖానకు తీసుకుపోయాడు. అక్కడినుంచి హైదరాబాద్ పంపారు.

పోలీసులు కేసు రాసుకున్నారు. కొన్నాళ్లకు ఎలిశిబా తరఫు వకీలు నుంచి నోటీసు వచ్చింది. మేం ముగ్గురం కోర్టు ఎదురుగా గది ఉన్న వకీలు రమేశ్ దగ్గరికి పోయాం. ఆయన ఎవరితోనో ఫోన్‌లో ఉన్నాడు. బల్ల మీద తెలుగులో అచ్చయిన చట్టం పుస్తకం ఉంటే తీసుకున్నాను. నాకు బడి లేదు. మల్లేశ్ ఒకటో తరగతి పలక మీద వాడితో పాటు దిద్దుకున్నవే నా అక్షరాలు. అప్పటినుంచి పొట్లం కాగితమైనా చదవకుండా పారేయలేను. నిర్లక్ష్యం అనే చోట తెరిచి వేలు పెట్టి చదువుతున్నాను.

"పెద్దమ్మా, పరీక్ష రాస్తవా ఏంది?" ఫోన్ పెట్టేసి నవ్వాడు రమేశ్. తర్వాత మల్లేశ్ వైపు తిరిగాడు. "చూడు తమ్మీ. రోడ్డు మీద వస్తువు పెట్టినోడు ఆ రోడ్డున పోయేటోళ్లకు దెబ్బ తాకకుండ చూసుకోవాలె. గది నీ మీద ఉన్న బాధ్యత. నువ్వు చూసుకున్నవా? చూసుకోలే. ఆయన కాలు ఇరిగింది గందుకేనా, వేరే దేనివల్లనన్ననా? గీ ముచ్చటే కోర్టు అడుగుతది."

"నేను కావాలని ఇడిసిపెట్టలే సార్."

"కావాలని చేస్తే అది వేరే కేసు. దీంట్ల నీ మనసుతోని పని లేదు. మామూలు మనిషి ఎవడన్న నీ జాగల ఉంటే, ఎవరన్న పడ్తరేమోనని ఆలోచన చేస్తుండెనా లేదా, గంతే. వడ్లు ఉన్నప్పుడు ఏమన్న గుర్తు పెట్టినవా?"

"మా అమ్మ ఎర్రగుడ్డలు ఇచ్చింది సార్. రెండు దిక్కుల కట్టిన."

రమేశ్ పెన్ను కింద పెట్టాడు. "గది ఎవరికీ చెప్పకు. గుడ్డ కట్టినవంటే ప్రమాదముందని నీకు ముందే తెలుసన్నట్టు. తెలిసి గూడ గుడ్డ తీస్కపోయి రాళ్లు ఇడిసిపెట్టినవ్."

నా చేతుల్లో పుస్తకం అట్లాగే ఉంది. మామూలు మనిషి ఊహించగలిగిన హాని అని రాసి ఉంది అందులో. నేను ఊహించని హాని ఏది? స్నానానికి పోయినవాడు జారి పడతాడని, బస్సెక్కినవాళ్లు దిగరని, ఫోన్ మోగితే చావు కబురని ఊహించుకుంటూనే ముసలిదాన్నయ్యాను. నాలాంటిదాన్ని కొలతగా పెట్టుకుంటే ఎవరూ గడప దాటరు. అందుకే కాబోలు చట్టం మామూలు మనిషిని పెట్టుకుంది. ఆ మామూలు మనిషి ఆ సాయంత్రం మా ఇంట్లో ఒక్కరూ లేకపోయారు. గుడ్డలు నా చేతికి వచ్చినప్పుడు నేను కూడా రాళ్ల సంగతి అడగలేదు.

"ఆయన తప్పు గూడ కొంత చూపెట్టచ్చు," అంటున్నాడు రమేశ్. "హెల్మెట్ లేదు. బండి లైటు మసక."

"హెల్మెట్ మోకాలుకు పెట్టుకుంటరా సార్?" అంది రజని.

రమేశ్ పడీపడీ నవ్వాడు. "నువ్వు మా దిక్కా చెల్లె, ఆళ్ల దిక్కా? కానీ నిజమే. ఇరిగింది కాలు గాబట్టి హెల్మెట్ ముచ్చట నడువది. లైటుది నడుస్తది. సరే, ఇంతకు రాళ్లెందుకు తీయలే తమ్మీ?"

"మా బామ్మర్ది అదే జాగల పోసుకుంటనన్నడు. ముట్టకన్నడు. గా రోడ్డు మీద పద్ధతే గట్ల."

"అరె, గిది ముందు చెప్పాలె గద! పద్ధతిని కోర్టు ఒప్పుకోదు, అది పక్కకు పెట్టు. కానీ ఆయన ముట్టకని, వస్తనని రాకపాయె, రానని చెప్పకపాయె. ఆయనది గూడ తప్పే. బాధ్యత ఇద్దరి మీద పడ్తది, నీ బరువు సగం దిగుతది. ఫోన్‌ల అన్నది ఎవరన్న ఇన్నరా?"

మల్లేశ్ రజనిని చూశాడు. "ఈమె ఉండె."

"నాకు గూడ ఆనాడే కోడలు చెప్పింది," అన్నాను నేను.

"నీది చెల్లది పెద్దమ్మా. సొంత చెవులతోని ఇన్నోళ్లే చెప్పాలె."

రజని నా చేతిలోంచి పుస్తకం తీసుకుని బల్ల మీద జాగ్రత్తగా పెట్టింది. ఆటోలో మల్లేశ్, "వాని పేరు చెప్పాలంటే నాకూ మంచిగనిపిస్తలే. కానీ జరిగింది జరిగినట్టు చెప్తే వానికేం ఉరి పడదు గద," అన్నాడు. ఆమె బయటికి చూస్తూ తలూపింది.

పరశురాం మే మొదట్లో ఎండల్లో వచ్చాడు. మల్లేశ్ ఇంట్లో లేడు. ఎప్పుడూ గడపలోంచే "అత్తమ్మా, ముసలితనం ఇంక రాలేదా నీకు?" అని అరిచేవాడు, ఆ రోజు నెమ్మదిగా దండం పెట్టి వంటింట్లోకి పోయాడు. నేను ముందుగదిలో చింతపండు గింజలు తీస్తున్నాను. నడుమ గోడ ఉందన్న మాటే గానీ తలుపు లేదు.

"అక్కా, బస్సు డ్రైవర్ పోస్టుకు నా పేరొచ్చింది. పోలీసోళ్ల ఎంక్వయిరీ ఉంటది. కేసుల పేరు పడ్డదంటే ఆడికే సరి."

"నువ్వు అన్నది నేను ఇన్న గదరా."

"ఇన్నవ్. నీ ముంగట నేను కాదంటున్ననా? బావకు ఎట్లన్న తప్పదు. ఆయన పేర్చిన రాళ్లు, ఆయన ఎత్తిన వడ్లు. నా పేరు పడితే ఇద్దరం మునుగుతం. పడకపోతే ఒక్కడన్న ఒడ్డుకు వస్తడు."

"బండి మీదినుంచి పడ్డాయన మునగలేదారా?"

"ఎనిమిదేండ్ల సంది తిరుగుతున్న అక్కా గీ నౌకరి కోసం. నీకు తెల్వదా?"

గిన్నె మూత తీసిన చప్పుడైంది. తర్వాత రజని గొంతు వినపడింది.

"అన్నం తిన్నవా?"

నా చేతిలో చింతపండు ముద్ద అట్లాగే ఉండిపోయింది. వకీలు ముందు ఆమె ఏం చెప్పబోతోందో నాకు అప్పుడే తెలిసింది.

మే నెల నడిమికి గాబ్రియేలు ఇంటికొచ్చాడు. కోర్టుకు పోకముందే మాట్లాడుకుంటే మంచిదని ఇద్దరు వకీళ్లూ అనుకుని పరశురాంతో పాటు అందరినీ రమేశ్ గదికి పిలిచారు. గాబ్రియేలు చంకకర్ర పట్టుకుని వచ్చాడు. కుడి మోకాలు వంగదు. దాన్ని కుర్చీకి ముందు చాపి పెట్టుకున్నాడు. ఆ కాలు దాటి పోవడానికి అందరం చీరలు, పంచెలు ఎత్తి పట్టుకుని నడిచాం. ఎవరూ దాని వైపు చూడలేదు.

"మిషన్ తొక్కుతున్నవా అన్నా?" అడిగాడు మల్లేశ్.

"ఎడమ కాలుతోని నేర్చుకుంటున్న. కుట్టు వంకర పోతుంది. నువ్వొక అంగీ బట్ట తే, నీ మీదనే నేర్చుకుంట," అన్నాడు గాబ్రియేలు. "ఆనాడు నీ అంగీ ఖరాబైంది గద, నన్ను ఎత్తి."

మల్లేశ్ తల వంచుకున్నాడు.

వకీళ్లు రోడ్డు కొలతలు, లైటు, మసక వెలుగు అంటూ కాసేపు మాట్లాడారు. ఎలిశిబా విని విని విసిగిపోయింది. సన్నటి మనిషి, మోచేతి మీద మచ్చ ఇంకా గులాబీరంగులో ఉంది.

"సార్, నాకు గవన్ని తెల్వయి. ఆ రాళ్లు ఎవరు పెట్టిండ్రని గూడ నేను అడుగుత లేను. వడ్లు ఎండబెట్టుకోవాలె, పెట్టుకుంటరు. మా అమ్మగారోళ్లు గూడ పెడ్తరు. పనైపోయినంక ఎందుకు తీయలేదో గది చెప్పుండ్రి నాకు. గంత పెద్ద రోడ్డు మీద మేం వస్తమని ఒక్కరికన్న యాదికి రాలేదా?"

మల్లేశ్ లేచి నిలబడ్డాడు.

"రాళ్లు పేర్చింది నేనే అక్కా. ఆనాడు మబ్బు పట్టింది, లారీ వచ్చింది, బస్తాలెక్కిచ్చుడే చూసుకున్న. మా బామ్మర్ది అదే జాగల పోసుకుంటనన్నడు, రాళ్లు ముట్టకన్నడు. గందుకే ఇడిసిపెట్టిన. వాడు వచ్చిండా లేదా అని మళ్ల అరుసుకోలే. గది నా తప్పు. జరిగింది ఇదీ."

పరశురాం గోడకు ఆనుకుని ఉన్నాడు. "నేను గట్ల అన్లే బావా," అన్నాడు. నేల మీదే ఉంది వాడి చూపు.

రమేశ్ రజని వైపు తిరిగాడు. "చెల్లె, నువ్వు చెప్పు. ఫోన్ స్పీకర్‌ల ఉండె గద. నీ తమ్ముడు రాళ్లు ముట్టకన్నడా?"

రజని కొంగు భుజం మీదికి లాక్కుంది.

"నేను బోళ్లు తోముతున్న సార్. నల్లా నడుస్తుండె. నేనేం ఇనలే."

మల్లేశ్ ఆమె వైపు తిరగలేదు. ఇంకా నిలబడే ఉన్నాడు. కూర్చోవాలని వాడికి గుర్తు వచ్చినట్టు లేదు.

"సరే సార్," అన్నాడు. "నేనొక్కన్నే అని రాసుకోండ్రి."

నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. అడిగినా నా మాట చెల్లదని ముందే చెప్పారు. చెల్లుబాటయ్యే మాట మా ఇంట్లో ఒక్కరి దగ్గరే ఉంది, ఆమె అది ఇవ్వలేదు. నాకు ఆమె మీద కోపం రావాలి. రాలేదు. నల్లా దగ్గర బోళ్లు తోముతూ తమ్ముడు వస్తున్నాడని మురిసిపోయిన మొహమే కనపడింది. ఎలిశిబా మాత్రం పోయేటప్పుడు రజని ముందు ఒక నిమిషం ఆగి, మొగుడికి చంకకర్ర అందించి మెట్లు దిగింది.

ఒప్పుకున్న పరిహారం కట్టడానికి మల్లేశ్ కౌలు వదులుకున్నాడు. రైస్‌మిల్లులో పనికి కుదిరాడు. ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. అరుపులు లేవు, ఏడుపులు లేవు. రజని ఎప్పటిలాగే వండింది, మల్లేశ్ ఎప్పటిలాగే తిన్నాడు, ఉప్పు తక్కువైతే అడిగి వేసుకున్నాడు. ఒకటే మారింది. అన్నం తినేటప్పుడు ఫోన్ మోగితే స్పీకర్ పెట్టడం మానేశాడు. ఎంగిలి చెయ్యి అట్లాగే పట్టుకుని, ఎడమచేత్తో ఫోన్ తీసుకుని, లేచి వాకిట్లోకి పోయి మాట్లాడి వచ్చేవాడు. మిల్లు వాళ్లదైనా, తెలిసిన వాళ్లదైనా అంతే. వాడు లేచిన ప్రతిసారీ రజని కంచంలోకి చూస్తూ కూర్చునేది. వాడు కావాలని చేశాడని నేను అనుకోను. చేస్తున్నానని కూడా వాడికి తెలియదేమో.

మృగశిర కార్తె నాడు చేపల కూర వండింది. మల్లేశ్ రెండు ముద్దలు తిన్నాడో లేదో ఫోన్ మోగింది. వాడు లేచాడు. రజని కూడా లేచి చెయ్యి కడుక్కుంది.

మరుసటి రోజు పొద్దున, వాడు మిల్లుకు పోయాక, తమ్ముడికి నౌకరి వచ్చిందని, వాడు కుదురుకునేదాకా వండిపెట్టి వస్తానని చెప్పింది. బస్టాండు దాకా నేనూ పోయాను. రేగోడ్ బస్సు కోసం నిలబడ్డాం. చిన్న తుంపర పడుతోంది.

"మల్లేశ్‌ను ఐతారం నాడు పంపనా? తోలుకొస్తడు," అన్నాను.

"వద్దత్తమ్మా. ఆయనకు మిల్లు ఉంటది."

"నేనొస్త మరి."

ఆమె నా కొంగు తీసుకుని నా తల మీద కప్పింది, తడుస్తుందని. "అత్తమ్మా, ఆయన నన్ను ఒక్క మాట గూడ అన్లే. ఒక్కనాడన్న తిడితే ఉండేదాన్ని."

"నేను తిట్టనా?"

నవ్వింది. నవ్వుతుంటే కళ్లు నిండాయి. "నీకు రాదు," అంది. "నీకు భయపడుడు ఒక్కటే వస్తది."

బస్సు వచ్చింది. కండక్టర్ తొందరపెట్టాడు. ఆమె కిటికీ పక్కన కూర్చుని, ఇంటికి పో, తడవకు అన్నట్టు చేత్తో సైగ చేసింది. నేను బస్సు మలుపు తిరిగేదాకా ఉండి, ఇంటికొచ్చి బియ్యం కడిగాను.

గాబ్రియేలు దుకాణం తెరిచాడు. పరశురాం బస్సు నడుపుతున్నాడు. కోతలప్పుడు టేక్మాల్ రోడ్డు మీద ఇప్పటికీ వడ్లు పోస్తున్నారు.

రజని రేగోడ్ పోయింది రెండువేల ఇరవై మూడు జూన్ తొమ్మిదిన. మళ్లీ రాలేదు.